హోలోగ్రామ్ స్టోరేజ్, హోలోగ్రామ్ స్క్రీన్ ఫోన్లలోకి ఎందుకు రాలేదు? ప్రాజెక్టుకి పనిచేసే డెమో ఏం చేయొచ్చు?

ఫైనలియర్_ఈసీఈ:

అందరికీ నమస్తే. మాది బీటెక్ ఫైనలియర్ ఈసీఈ బ్యాచ్. "మొబైల్ ఫోన్లలో హోలోగ్రాఫిక్ డేటా స్టోరేజ్, డిస్‌ప్లే" అని టాపిక్ ఖాయమైంది. నెట్లో దొరికే సెమినార్ రిపోర్టులన్నీ ఒకదాన్ని చూసి ఒకటి దించినట్టున్నాయి: హెచ్‌వీడీ (హోలోగ్రాఫిక్ వెర్సటైల్ డిస్క్) డిస్కులో 3.9 టీబీ పడుతుంది, త్వరలో అదే టెక్నాలజీ మెమరీ కార్డు సైజులో వచ్చేస్తుంది, ఫోన్ మీద మనిషి బొమ్మ గాల్లో లేచి నిలబడుతుంది. పదిహేనేళ్ల కిందటి రిపోర్టుల్లోనూ ఆ "త్వరలో" ఉంది. గైడ్ వాటిని పక్కన పడేసి మూడు అడిగారు.

ఒకటి, అంత కెపాసిటీ ఉంటే ఫోన్లోకి ఎందుకు రాలేదు? లెక్కతో చెప్పాలి.

రెండు, "హోలోగ్రాఫిక్ ఫోన్" పేరుతో వచ్చినవి నిజంగా హోలోగ్రామ్ చూపించాయా? అసలు అడ్డం ఎక్కడుంది?

మూడు, 5,000 రూపాయల లోపు పనిచేసే డెమో. ఫోన్ మీద పెట్టి బొమ్మని ప్రతిబింబించే నాలుగు వైపుల ప్లాస్టిక్ పిరమిడ్ తెస్తే మార్కులు ఇవ్వనని ముందే చెప్పేశారు.

పైథాన్ వచ్చు. ఎర్ర లేజర్ పాయింటర్ ఉంది, ఫిజిక్స్ ల్యాబ్‌లో కుంభాకార కటకాలు దొరుకుతాయి. తెలిసినవాళ్లు దారి చూపించండి.

బ్రాగ్_కోణం:

స్టోరేజ్ వరకు నేను చెప్తాను.

ముందు ఆ 3.9 టీబీ సంగతి. అది జపాన్‌లోని ఆప్ట్‌వేర్ కంపెనీ 12 సెం.మీ. డిస్కుకి చెప్పుకున్న లక్ష్యం. 2007లో ఎక్మా అనే ప్రమాణాల సంస్థ హెచ్‌వీడీకి ప్రమాణాలు అచ్చు వేసినప్పుడు వాటిలో ఉన్నది రికార్డబుల్ కార్ట్రిడ్జ్‌కి 200 జీబీ (ఎక్మా-377), రీడ్ ఓన్లీ డిస్కుకి 100 జీబీ (ఎక్మా-378). స్లైడ్లో 3.9 వేస్తే దాని పక్కనే ఈ రెండూ వేయండి.

అమ్మకం దాకా అందరికంటే దగ్గరగా వచ్చింది ఇన్‌ఫేజ్ కంపెనీ. 2000లో బెల్ ల్యాబ్స్ నుంచి విడివడి కొలరాడోలో మొదలైంది. వాళ్ల 130 మి.మీ. డిస్కులో 1.5 మి.మీ. మందం ఫొటోపాలిమర్ (వెలుగు పడితే మారే ప్లాస్టిక్) పొర, నీలి లేజర్, 300 జీబీ, సెకనుకి 20 మెగాబైట్లు. ఒక్కసారే రాయగలం, చెరపలేం. 2010 కల్లా కంపెనీ చేతులెత్తేసింది.

పనితీరు మీకు తెలిసే ఉంటుంది కాబట్టి రెండు ముక్కల్లో చెప్తాను. లేజర్‌ని రెండుగా చీల్చి, ఒకదాన్ని పది లక్షల చుక్కలున్న ఎస్‌ఎల్‌ఎం (కాంతిని చుక్క చుక్కగా నియంత్రించే చిన్న ప్యానెల్) మీదుగా పంపి డేటా పేజీగా మారుస్తారు. రెండోది రిఫరెన్స్ కిరణం. రెండూ పాలిమర్ లోపల కలిసిన చోట వ్యతికరణ చారలు ముద్రపడతాయి. తర్వాత అదే కోణంలో రిఫరెన్స్ కిరణం వేస్తే పేజీ మొత్తం ఒక్కసారిగా కెమెరా మీద తేలుతుంది. కోణం కొంచెం మార్చి అదే చోట ఇంకో పేజీ రాస్తారు. ఆ "కొంచెం" ఎంతంటే, 1.5 మి.మీ. మందం, 405 నానోమీటర్లు, వక్రీభవన గుణకం 1.5, కిరణాల మధ్య లోపల 45 డిగ్రీలు అనుకుంటే సుమారు 0.013 డిగ్రీలు.

ఇప్పుడు మీ గైడ్ అడిగిన లెక్క. 1963లో పోలరాయిడ్‌లో పనిచేసిన వాన్ హీర్డెన్ చెప్పిన గరిష్ఠ పరిమితి ఏంటంటే, ఘనపరిమాణాన్ని తరంగదైర్ఘ్యం ఘనంతో భాగిస్తే వచ్చినన్ని బిట్లు. 405 నానోమీటర్లని 1.5తో భాగిస్తే పదార్థం లోపల 270. దాని ఘనం 0.0197 ఘన మైక్రోమీటర్లు. ఒక ఘన మిల్లీమీటరులో 100 కోట్ల ఘన మైక్రోమీటర్లు కాబట్టి సుమారు 5,100 కోట్ల బిట్లు, అంటే 6.3 జీబీ. ప్రకృతి ఇచ్చే హద్దు అది, ఏ నష్టమూ లేకుండా.

మైక్రోఎస్‌డీ కార్డు 15 × 11 × 1 మి.మీ., అంటే 165 ఘన మి.మీ. 1 టీబీ కార్డులు 2019లోనే వచ్చాయి. భాగించి చూడండి, ఘన మి.మీ.కి 6 జీబీ. ప్లాస్టిక్ తొడుగు, కంట్రోలర్ చిప్, అన్నీ కలుపుకునే! హోలోగ్రఫీ ఎప్పటికైనా అందుకోవాలనుకున్న ఆకాశం దగ్గరికి ఫ్లాష్ మెమరీ మామూలుగా నడిచి వెళ్లిపోయింది. అదే ఇన్‌ఫేజ్ డిస్కులో రికార్డింగ్ పొర సుమారు 15,000 ఘన మి.మీ., దాంట్లో 300 జీబీ, అంటే ఘన మి.మీ.కి 20 మెగాబైట్లు. 300 రెట్లు తేడా. పైగా ఇందులో లేజర్, కటకాలు, కెమెరా లెక్కలోకి రాలేదు.

ఎందుకంత తగ్గిందంటే పేజీలు పెరిగేకొద్దీ ఒక్కో పేజీ మసకబారుతుంది. పదార్థానికి ఎం-నంబర్ అని ఒకటి ఉంటుంది. ఎం-నంబర్‌ని పేజీల సంఖ్యతో భాగించి వర్గం చేస్తే ఒక్కో పేజీ నుంచి తిరిగొచ్చే వెలుగు వాటా. ఎం-నంబర్ 5, పేజీలు 500 అయితే పదివేలలో ఒక వంతు. పేజీలు 1,000 చేస్తే అది ఇంకో నాలుగో వంతుకి పడిపోతుంది. అప్పుడు కెమెరాకి ఎక్కువసేపు ఎక్స్‌పోజర్ ఇవ్వాలి, లేదా లేజర్ పవర్ పెంచాలి. ఫోన్లో రెండూ కుదరవు.

వేగం చూడండి. ఫోన్లలోని ఫ్లాష్ స్టోరేజ్ ప్రమాణం యూఎఫ్‌ఎస్ 4.0 చదివే వేగం సెకనుకి 4,200 మెగాబైట్లు, అంటే 33.6 గిగాబిట్లు. పేజీకి పది లక్షల బిట్లయితే సెకనుకి 33,600 ఫ్రేములు తీసే మెగాపిక్సెల్ కెమెరా కావాలి. ఎర్రర్ కరెక్షన్ బిట్లు కలిపితే ఇంకా ఎక్కువ.

చాలామంది "చేతిలో వణుకుతుంది కాబట్టి కుదరదు" అని రాస్తారు. అది సరైన కారణం కాదు. ఫోన్ కదిలితే లేజరు, కటకం, పదార్థం కలిసే కదులుతాయి. వాటి మధ్య ఒకదానికొకటి కదలిక ఉంటేనే చారలు చెరుగుతాయి. అసలు శత్రువు వేడి. పాలిమర్లు డిగ్రీకి పదివేలలో ఒక వంతు స్థాయిలో వ్యాకోచిస్తాయి. ఎండలో పెట్టిన ఫోన్ 20 డిగ్రీలు వేడెక్కితే చారల మధ్య దూరం 0.2 శాతం మారుతుంది. బ్రాగ్ కోణం, అంటే పేజీ తిరిగి వెలిగే కోణం, 0.05 డిగ్రీల స్థాయిలో జరుగుతుంది, మన వెసులుబాటేమో 0.013. పేజీ మాయం. అందుకే డ్రైవుల్లో లేజర్ రంగునే కొద్దికొద్దిగా జరిపి సర్దుబాటు చేసే ఏర్పాటు పెట్టారు.

చెరిపి మళ్లీ రాయగల పదార్థం కావాలంటే ఇనుము కలిపిన లిథియం నియోబేట్ స్ఫటికం ఉంది. దాంతో తంటా ఏంటంటే, చదవడానికి వేసే వెలుగే రాసినదాన్ని నెమ్మదిగా చెరిపేస్తుంది. 2020లో మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ హెచ్‌ఎస్‌డీ పేరుతో ఈ స్ఫటికాన్నే మళ్లీ బయటికి తీసింది, కానీ డేటా సెంటర్ల కోసం.

పిక్సెల్_పిచ్:

పైన లెక్క బాగుంది. ఒక చిన్న జోడింపు: ఆ 6.3 జీబీ ఒక్కో చోట ఒక్క బిట్ అనుకుని వేసింది. గ్రే స్థాయిలు వాడితే కాగితం మీద కొంచెం పెరుగుతుంది, కానీ శబ్దం ఆ లాభాన్ని తినేస్తుంది. వైవాలో అడిగితే అలా చెప్పండి.

డిస్‌ప్లేకి వస్తే, "హోలోగ్రామ్" అని బోర్డు పెట్టుకున్నవాటిలో ఎక్కువ భాగం హోలోగ్రామ్‌లు కావు. 2014 ఎన్నికల సభల్లో చూపించిన 3డీ ప్రసంగాలు పెప్పర్స్ ఘోస్ట్, అంటే ఏటవాలు పారదర్శక తెర మీద ప్రతిబింబం. 1862లో లండన్ స్టేజీ మీదికి వచ్చిన కిటుకు అది. అమెజాన్ ఫైర్ ఫోన్ (2014) ముందువైపు నాలుగు కెమెరాలతో తల ఎటు తిరిగిందో చూసి మామూలు 2డీ బొమ్మనే జరిపేది.

రెడ్ హైడ్రోజన్ వన్ (2018, ధర 1,295 డాలర్లు) వీటికంటే ఒక మెట్టు పైన. లీయా అనే కంపెనీ తయారుచేసిన బ్యాక్‌లైట్‌లో నానో గ్రేటింగ్‌లు (అతి సన్నని గీతల వరుసలు) వెలుగుని నాలుగు దిక్కులకి విడదీస్తాయి, ఎల్‌సీడీ ఒక్కో దిక్కుకి ఒక్కో బొమ్మ ఇస్తుంది. 2560 × 1440 స్క్రీన్‌ని నాలుగు బొమ్మలు పంచుకోవాలి కాబట్టి ఒక్కోదానికి పావు వంతు పిక్సెళ్లే. దీన్ని మల్టీవ్యూ డిస్‌ప్లే అనాలి. కాంతి తరంగం దశ (ఫేజ్) ఇక్కడ ఎవరూ నియంత్రించడం లేదు. కంటి కటకం ఇప్పటికీ గాజు మీదే ఫోకస్ అవుతుంది, రెండు కళ్లేమో బొమ్మ ఉన్న లోతుకి తిరుగుతాయి. ఎక్కువసేపు చూస్తే తలనొప్పి రావడానికి ఒక కారణం ఆ పొత్తు కుదరకపోవడమే.

నిజమైన హోలోగ్రామ్‌కి అడ్డం పిక్సెల్ పిచ్, అంటే పక్కపక్క పిక్సెళ్ల మధ్య దూరం. కాంతిని ఎంత కోణానికి వంచగలమో అదే తేలుస్తుంది. సూత్రం: సగం కోణం సైన్ విలువ = తరంగదైర్ఘ్యం ÷ రెండు పిచ్‌లు. ఆకుపచ్చ 532 నానోమీటర్లకి వేసి చూడండి. 460 పీపీఐ ఫోన్ స్క్రీన్ పిచ్ 55 మైక్రోమీటర్లు, మొత్తం వీక్షణ కోణం అర డిగ్రీ. ల్యాబుల్లో వాడే 8 మైక్రోమీటర్ల ఎస్‌ఎల్‌ఎంకి 3.8 డిగ్రీలు. 3.74 మైక్రోమీటర్ల 4కే ఎస్‌ఎల్‌ఎంకి 8.2. కనీసం 30 డిగ్రీలు కావాలంటే పిచ్ 1 మైక్రోమీటరుకి దిగాలి.

6.1 అంగుళాల స్క్రీన్ సుమారు 140 × 65 మి.మీ. 1 మైక్రోమీటర్ చొప్పున పేరిస్తే 910 కోట్ల పిక్సెళ్లు. ఇప్పుడున్న ఫోన్లో 30 లక్షలు. పిక్సెల్‌కి 8 బిట్లు, సెకనుకి 60 ఫ్రేములు అంటే 4.4 టెరాబిట్లు ప్రతి సెకనూ స్క్రీన్‌లోకి పోయాలి. మూడు రంగులకి దాన్ని మూడుతో గుణించండి.

లెక్కగట్టే భాగం మాత్రం చాలా వరకు దారికొచ్చింది. 2021లో ఎంఐటీ వాళ్ల టెన్సర్ హోలోగ్రఫీ న్యూరల్ నెట్‌వర్క్ 620 కిలోబైట్లలోపే ఇమిడిపోయింది. 1920 × 1080 హోలోగ్రామ్‌ని మామూలు గ్రాఫిక్స్ కార్డు మీద సెకనుకి 60, ఐఫోన్ 11 ప్రో మీద సెకనుకి 1.1 చొప్పున తయారుచేసింది. అంటే ఫోన్ చిప్ లెక్క వేయగలదు, ఆ లెక్కని కాంతిగా మార్చే స్క్రీనే లేదు. 2020లో శాంసంగ్ పరిశోధకులు 10.1 అంగుళాల 4కే ప్యానెల్‌తో ఒక దారి చూపించారు: అంతటా కోణం ఇవ్వకుండా, చూసేవాడి కన్ను ఎక్కడుందో అటు బ్యాక్‌లైట్‌ని తిప్పడం. అలా కోణాన్ని 30 రెట్లు పెంచారు.

కళ్లద్దాల్లో ఎందుకు కుదురుతుందో కూడా ఒక లైను రాసుకోండి. వీక్షణ కోణం, కన్ను కదలగల వెడల్పు, ఈ రెండింటి గుణకారం పిక్సెళ్ల సంఖ్యని తరంగదైర్ఘ్యంతో గుణిస్తే వచ్చేదానికి మించదు. 3,840 పిక్సెళ్లకి అది 2.04 మి.మీ.-రేడియన్. 30 డిగ్రీల కోణం తీసుకుంటే కంటికి మిగిలేది 3.9 మి.మీ. కంటిపాప అంత. కంటి ముందే బిగించిన అద్దానికి అది సర్దుకోవచ్చు, జానెడు దూరంలో పట్టుకునే ఫోన్‌కి చాలదు.

ఇంకోటి, మీ టాపిక్‌లోని రెండు సగాలు కలిసేది ఇక్కడే. ఇన్‌ఫేజ్ మూతపడ్డాక దాని ఆస్తులు కొనుక్కుని 2012లో అకోనియా హోలోగ్రాఫిక్స్ మొదలైంది. స్టోరేజ్ వదిలేసి ఏఆర్ (ఆగ్మెంటెడ్ రియాలిటీ) కళ్లద్దాల డిస్‌ప్లేల వైపు మళ్లింది. 2018లో దాన్ని యాపిల్ కొనేసింది.

ఫిల్మ్_పాజిటివ్:

డెమో నేను చెప్తాను. డేటాని హోలోగ్రామ్‌గా మార్చి ఫిల్మ్ మీద అచ్చు వేయించి, లేజర్‌తో బయటికి తీసి, ఫోన్ కెమెరాతో చదవడం. మీ బడ్జెట్‌లో సులభంగా అయిపోతుంది, లెక్కా చూపించొచ్చు.

ఫిల్మ్: ఆఫీస్ లేజర్ ప్రింటర్, ఓహెచ్‌పీ షీటు వద్దు. 600 డీపీఐ అంటే చుక్క 42 మైక్రోమీటర్లు, అంచులు పొడిపొడిగా ఉంటాయి. స్క్రీన్ ప్రింటింగ్ వాళ్లకి ఫిల్మ్ పాజిటివ్ తీసే షాపులు విజయవాడ, హైదరాబాద్ లాంటి ఊళ్లలో ఇంకా ఉన్నాయి. లేదంటే ఫొటోప్లాటర్ ఉన్న పీసీబీ యూనిట్ల దగ్గరికి వెళ్లండి. 2540 డీపీఐ అడగండి, చుక్క సరిగ్గా 10 మైక్రోమీటర్లు.

డేటా పేజీ: 32 × 32 బిట్లు, అంటే 128 అక్షరాలు. ఒక్కో బిట్‌కి రెండు గళ్లు ఇవ్వండి. 1 అయితే వెలుగు-చీకటి, 0 అయితే చీకటి-వెలుగు. ఇలా ఎందుకంటే బొమ్మ మధ్యలో ప్రకాశం ఎక్కువ, అంచుల్లో తక్కువ. ఒకే థ్రెషోల్డ్ పెడితే అంచు బిట్లన్నీ సున్నాలైపోతాయి. పక్కపక్క గళ్లని పోల్చి చూస్తే ఆ బెడద లేదు. గడికి 4 × 4 పిక్సెళ్లు, పేజీ మొత్తం 256 × 128. నాలుగు మూలలా దిట్టమైన గుర్తులు పెట్టండి.

లెక్క: 512 × 512 సున్నాల అర్రే తీసుకుని పేజీని పై సగంలో, మధ్య బిందువుకి 64 వరుసల పైనుంచి పెట్టండి. ప్రతి పిక్సెల్‌కి రాండమ్ ఫేజ్ గుణించండి. ఇది మర్చిపోతే శక్తంతా మధ్యలో పోగుపడి బొమ్మ అంచు గీతలే మిగులుతాయి. తర్వాత ఇన్వర్స్ ఎఫ్‌ఎఫ్‌టీ (తిరుగు ఫూరియర్ పరివర్తన), రియల్ భాగం తీసుకుని సున్నా కంటే ఎక్కువైతే తెలుపు, తక్కువైతే నలుపు. పై సగంలోనే పెట్టమన్నది ఎందుకంటే రియల్ భాగం తీసుకోగానే కింద తలకిందులుగా కవల బొమ్మ పుడుతుంది. మధ్యలో పెడితే రెండూ ఒకదాని మీద ఒకటి పడతాయి.

అచ్చుకి ఆ అర్రేలోని ఒక్కో సెల్‌ని (పిక్సెల్‌ని) 2 × 2 చుక్కలు చేయండి. సెల్ 20 మైక్రోమీటర్లు, హోలోగ్రామ్ 10.24 మి.మీ. చదరం. 1-బిట్ టిఫ్‌గా సేవ్ చేసి, ఫైల్లోనే 2540 డీపీఐ అని రాయండి. షాపువాడికి మూడు మాటలు గట్టిగా చెప్పాలి: లైన్ ఆర్ట్, స్క్రీన్ (హాఫ్‌టోన్ చుక్కలు) వేయొద్దు, 100 శాతం సైజ్. హాఫ్‌టోన్ వేసేశాడా, పేజీ బదులు చుక్కల వలే కనిపిస్తుంది. జేపీజీ పంపితే ఇక అంతే సంగతులు.

లేజర్: 650 నానోమీటర్లు, 5 మిల్లీవాట్ల లోపు. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. పాయింటర్ కిరణం వెడల్పు 2-3 మి.మీ. అలాగే వేస్తే 100-150 సెల్సే వెలుగుతాయి, మొత్తం దృశ్యంలో అన్నే చుక్కలు విడిగా కనిపిస్తాయి. మీ పేజీకి అందులో సగం వెడల్పు, అంటే 60 చిల్లర చుక్కలు. గళ్లేమో 64. బొమ్మ వచ్చినట్టే ఉంటుంది, ఒక్క బిట్టూ చదవలేరు. నాభ్యంతరం 25 మి.మీ., 100 మి.మీ. ఉన్న కటకాలు రెండు, మధ్యలో 125 మి.మీ. దూరంతో పెట్టి కిరణాన్ని నాలుగు రెట్లు పెంచండి. ఫిల్మ్ నిండుతుంది.

పెంచాక తెర మీద ఫోకస్ కూడా చేయాలి. 10 మి.మీ. కిరణానికి వట్టి దూరంతోనే పని జరగాలంటే 150 మీటర్లు కావాలి. రెండో కటకాన్ని కొద్దిగా ముందుకి జరిపితే కిరణం దగ్గరకి ముడుచుకుంటుంది. 2 మీటర్ల దూరంలో మధ్య చుక్క అన్నిటికంటే చిన్నదయ్యే చోట ఆపండి. దృశ్యం మొత్తం 6.5 సెం.మీ., పేజీ 3.25 సెం.మీ., గడి అర మిల్లీమీటరు.

తెరగా ట్రేసింగ్ పేపర్ బిగించి వెనకనుంచి ఫోటో తీయండి. మధ్య చుక్కని నల్ల టేపుతో తప్పకుండా మూయాలి. సిద్ధాంతంలోనే పావు వంతు వెలుగు అక్కడికి పోతుంది, మీ పేజీకి దక్కేది 10 శాతం. మూయకపోతే ఫోటో మండిపోతుంది. ప్రో మోడ్‌లో ఐఎస్‌ఓ 100, ఫోకస్ లాక్, షట్టర్ పావు సెకను. ఆ పావు సెకనులో ట్రేసింగ్ పేపర్‌ని పక్కకి మెల్లగా జరుపుతూ ఉంటే స్పెకిల్ (లేజర్ వెలుగులో కనిపించే గింజల్లాంటి మచ్చలు) చాలావరకు అణిగిపోతుంది.

ఫైనలియర్_ఈసీఈ:

చాలా థాంక్స్ అన్నా, ఇంత వివరంగా దొరుకుతుందనుకోలేదు. రెండు సందేహాలు. ఇన్‌ఫేజ్‌లో లాగా ఒకే చోట రెండు పేజీలు రాసి, కోణం మార్చి విడివిడిగా చదవడం ఈ ఫిల్మ్ మీద కుదురుతుందా? ఇంకా, ఫిల్మ్ బదులు ఫోన్ స్క్రీన్ మీదే ఆ నమూనా చూపించి లేజర్ వేస్తే "మొబైల్ డిస్‌ప్లే" అనిపించుకోవచ్చు కదా?

పిక్సెల్_పిచ్:

ఫోన్ స్క్రీన్ కుదరదు. ఓఎల్‌ఈడీ సొంతంగా వెలుగుతుంది, దాని వెలుగుకి కోహెరెన్స్ (తరంగాలన్నీ ఒకే లయలో ఉండడం) లేదు, లేజర్‌ని దాని గుండా పంపలేం. ఎల్‌సీడీ విప్పి బ్యాక్‌లైట్ తీసేసినా పిచ్ 55 మైక్రోమీటర్లు, 2 మీటర్ల దగ్గర దృశ్యం మొత్తం 2.4 సెం.మీ. పైగా రంగు ఫిల్టర్ల వల్ల ఎర్ర లేజర్ మూడో వంతు ఉపపిక్సెళ్ల గుండానే పోతుంది.

కదిలే హోలోగ్రామ్ కావాలంటే పాడైపోయిన 3ఎల్‌సీడీ ప్రొజెక్టర్ వెతకండి. లోపల మూడు చిన్న ప్యానెళ్లుంటాయి, రంగు ఫిల్టర్లు ఉండవు. 0.63 అంగుళాల 1024 × 768 ప్యానెల్ అయితే పిచ్ 12.5 మైక్రోమీటర్లు, మీ ఫిల్మ్‌లోని 20 మైక్రోమీటర్ల సెల్ కంటే మెరుగు. ప్యానెల్‌ని ప్రొజెక్టర్ బోర్డుకే తగిలించి ఉంచి, రిబ్బన్ కేబుల్ తెగకుండా బయటికి లాగాలి. దీపం తీసేస్తే చాలా ప్రొజెక్టర్లు స్టార్టే కావు, ల్యాంప్ సెన్సర్‌ని ఏమార్చాలి. అక్కడ హై వోల్టేజ్ ఉంటుంది, ఎలక్ట్రానిక్స్ రిపేరు తెలిసినవాళ్లు పక్కన లేకుండా ముట్టుకోవద్దు. నన్నడిగితే మార్కులకి ఫిల్మ్ చాలు.

బ్రాగ్_కోణం:

కోణంతో విడదీయడం ఈ ఫిల్మ్ మీద కాదు. ఫిల్మ్ మీది పూత (ఎమల్షన్) మందం కొన్ని మైక్రోమీటర్లే. బ్రాగ్ ఎంపిక మందం నుంచి వస్తుంది, మందం లేనిచోట ఏ కోణంలో వేసినా అన్ని పేజీలూ ఒకేసారి వెలుగుతాయి. దాన్ని రిపోర్టులో పరిమితిగా రాయండి, ఎందుకో సూత్రంతో సహా.

కానీ కోణం బదులు లోతు వాడొచ్చు. అది మీ టాపిక్‌లోని స్టోరేజ్, డిస్‌ప్లే రెండిటికీ ఒకే దెబ్బకి సరిపోతుంది. ఒక పేజీ 2 మీటర్ల దగ్గర, ఇంకోటి 1.5 మీటర్ల దగ్గర ఫోకస్ అయ్యేలా ఒకే ఫిల్మ్‌లో కలపండి. మొదటి పేజీకి పైన చెప్పిన ఇన్వర్స్ ఎఫ్‌ఎఫ్‌టీ అలాగే ఉంచండి. రెండో పేజీ ఇన్వర్స్ ఎఫ్‌ఎఫ్‌టీని ఒక వర్గ ఫేజ్‌తో గుణించాలి: మైనస్ పై × వ్యాసార్ధం వర్గం × 0.1667 ÷ తరంగదైర్ఘ్యం. 0.1667 ఎక్కడిదంటే 1.5 విలోమం నుంచి 2 విలోమం తీసేస్తే వచ్చింది. వ్యాసార్ధం మీటర్లలో వేయాలి, సెల్ నంబరులో కాదు. 20 మైక్రోమీటర్లతో గుణించడం మర్చిపోతే ఫిల్మంతా గజిబిజి. రెండు ఫీల్డులూ కూడి, అప్పుడు రియల్ భాగం, థ్రెషోల్డ్. ముందు థ్రెషోల్డ్ చేసి తర్వాత కూడొద్దు.

ట్రేసింగ్ పేపర్‌ని 2 మీటర్ల దగ్గర పెడితే మొదటి పేజీ పదునుగా, రెండోది గడి అర మిల్లీమీటరైతే 3.3 మి.మీ. మేర అలుక్కుపోయి ఉంటుంది. 1.5కి తెస్తే తారుమారు. పదునుగా ఉండే మేర 5 సెం.మీ. దాకా ఉంటుంది కాబట్టి తెరని మిల్లీమీటర్లలో సర్దాల్సిన పనిలేదు. 1.5 మీటర్ల దగ్గర దృశ్యం 4.9 సెం.మీ.కి తగ్గుతుంది, చదివే ప్రోగ్రామ్‌లో మూల గుర్తులతో స్కేల్ సరిచేసుకోండి. గైడ్‌కి చూపించడానికి ఇంకోటి: కింది సగంలో రెండో పేజీ కవల వంపు తిరగబడి ఉంటుంది, అది 3 మీటర్ల దగ్గర ఫోకస్ అవుతుంది. తెరని అక్కడికి జరిపి చూపించండి, లెక్క మీకు వచ్చని ఆయనకి అర్థమవుతుంది.

గాజుపలక:

పిరమిడ్ వద్దన్నారు సరే, పోలికకి పక్కన ఒకటి పెట్టుకోండి, ఇది హోలోగ్రామ్ ఎందుకు కాదో చూపించడానికి. నెట్లో కనిపించే 6-1-3.5 సెం.మీ. కొలతల వెనక లెక్క ఉంది. కింద 6, పైన 1, ఒక్కో వైపు తేడా 2.5. ముక్క 45 డిగ్రీలు వాలాలంటే ఏటవాలు ఎత్తు 2.5ని రూట్ 2తో గుణించాలి, 3.54. ఎత్తు ఇష్టమొచ్చినట్టు కోస్తే బొమ్మ వాలిపోయి కనిపిస్తుంది.

సీడీ డబ్బా ప్లాస్టిక్‌తో రెండేసి బొమ్మలు కనిపిస్తాయి, ముందు తలం నుంచి ఒకటి, వెనక తలం నుంచి ఒకటి. అర మిల్లీమీటరు పెట్ షీటు వాడండి. రెండు తలాలూ కలిపి వెలుగులో సుమారు 10 శాతమే తిప్పుతాయి, అందుకే లైట్లార్పాలి. ఎదురెదురు రెండు వైపులు కాంతివంతంగా, మిగతా రెండు మసకగా వస్తే షీటు తప్పు కాదు. ఫోన్ వెలుగు ధ్రువితమై ఉంటుంది, 45 డిగ్రీల దగ్గర ఒక్కో తలం నుంచి ఒక ధ్రువణం సుమారు 10 శాతం, రెండోది సుమారు 1 శాతమే పరావర్తనమవుతాయి.

ఫిల్మ్_పాజిటివ్:

లోతు పేజీల ఆలోచన చేయండి, బాగుంటుంది. ఆర్డర్ ఇచ్చేముందు ఒక మాట. ఏ4 ఫిల్మ్‌కి ఎలాగూ మొత్తం డబ్బు తీసుకుంటారు, ఒక్క హోలోగ్రామ్ వేసి వదిలేయకండి. అదే షీటులో సెల్‌కి 1 × 1, 2 × 2, 3 × 3 చుక్కలతో మూడు సైజులు, లోతు ఉన్నవీ లేనివీ, నెగెటివ్ చేసినవీ, అన్నీ గడులుగా పేర్చండి, పక్కన పేరు రాయండి. నల్ల చుక్కలు కొంచెం ఉబ్బి అచ్చవుతాయి. 1 × 1 సైజులో తెల్ల సందులు పూడుకుపోయి పేజీ మసకబారొచ్చు, అప్పుడు నెగెటివ్ కాపీ పక్కన పెట్టి ఏది మెరుగో చూసుకుంటారు. ఒక హోలోగ్రామ్‌ని అదనంగా వేయించి కత్తెరతో సగానికి కోయండి. సగంతోనూ పేజీ మొత్తం వస్తుంది, కోసిన దిక్కులో మాత్రం పదును సగమవుతుంది. ఎన్ని బిట్లు తప్పాయో రెండిటికీ లెక్కపెట్టి టేబుల్ వేయండి, రిజల్ట్స్ చాప్టర్‌కి అది సరిపోతుంది.

లేజర్ కిరణం ఎత్తు కూర్చున్నవాళ్ల కంటి ఎత్తులో ఉండకూడదు. ఆకుపచ్చ పాయింటర్ చవగ్గా దొరికింది కదా అని మార్చొద్దు. వాటిలో చాలావాటికి లోపల ఇన్‌ఫ్రారెడ్ ఫిల్టర్ ఉండదు, 808, 1064 నానోమీటర్ల వెలుగు కూడా కలిసి వస్తుంది, అది కంటికి కనపడదు.